'డూకీ' మీద శ్రోతల అభిప్రాయాలు: ఎలా చదవాలి, మన అభిప్రాయం ఎలా రాయాలి?

అమెరికా పంక్ రాక్ బృందం గ్రీన్ డే 1994 ఫిబ్రవరి 1న విడుదల చేసిన 'డూకీ' ఆల్బమ్ గురించి శ్రోతలు వెలిబుచ్చిన అభిప్రాయాలను వరుసగా చదివితే, వీరంతా ఒకే ఆల్బమ్ విన్నారా అన్న అనుమానం కలుగుతుంది. ఒకరు అది పంక్ సంగీతానికి (వేగంగా, మొరటుగా సాగే రాక్ సంగీతానికి) మళ్లీ ప్రాణం పోసిందంటే, మరొకరు పంక్‌ను బజారులో అమ్మకానికి పెట్టిందంటారు. ప్రతి పాటా ఇట్టే నోటికి వస్తుందని ఒకరు మురిసిపోతే, పాటలన్నీ ఒకేలా ఉన్నాయని మరొకరు పెదవి విరుస్తారు. ఇందులో ఏది ఆల్బమ్ గురించిన మాటో, ఏది చెప్పినవారి గురించిన మాటో విడదీసి చూసుకుంటేనే ఆ అభిప్రాయాలు మనకు పనికివస్తాయి. పాప్ పంక్ (ఇట్టే నోటికి వచ్చే బాణీలతో నడిచే పంక్) మీద సాధారణంగా వచ్చే మెచ్చుకోళ్లూ ఫిర్యాదులూ దాదాపు అన్నీ ఈ ఒక్క ఆల్బమ్ మీదే వచ్చాయి కనుక, ఈ పని నేర్చుకోవడానికి దీనిని మించినది లేదు.

ఇతరుల మాటలు చదవడానికి ముందే ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి దాకా, వరుస మార్చకుండా, ఒకసారి వినాలి. నిడివి సుమారు 39 నిమిషాలే. 'చంప్' అనే పాట చివర గిటార్, డ్రమ్స్ హోరెత్తి, ఆగకుండానే తరువాతి పాట 'లాంగ్‌వ్యూ'లోకి దాటిపోతాయి. షఫుల్ పెట్టి విన్నవారికి ఈ దాటు అసలు వినిపించదు. చివరి పాట ముగిశాక కాసేపు నిశ్శబ్దం నడిచి, ఆ తరువాత పాటల పట్టికలో లేని ఒక చిన్న పాటను డ్రమ్మర్ ట్రే కూల్ పాడతాడు. ఆ పాట సంగతే తెలియని విమర్శకుడు చివరి దాకా విన్నాడా అని మనం కొంచెం సందేహించవచ్చు. సినిమా పాటలకు అలవాటు పడిన చెవి ఇక్కడ మరో సర్దుబాటు చేసుకోవాలి. పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లతో సాగే ఇంటర్లూడ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, అంతలోనే పాట అయిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసినది 'అమ్ముడుపోయారు' అనే ఆరోపణ. దాని వెనుక ఒక స్థలం ఉంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, గిల్మన్ వీధి 924 నంబరులో నడిచే క్లబ్బు ఈ బృందం ఎదిగిన చోటు. పెద్ద కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బృందాలకు అక్కడ వేదిక ఇవ్వకూడదన్నది ఆనాటి ఆ క్లబ్బు నియమం. లుకౌట్ అనే చిన్న సంస్థ ద్వారా రెండు ఆల్బమ్‌లు విడుదల చేసిన గ్రీన్ డే, మూడవదైన 'డూకీ' కోసం పెద్ద కంపెనీ అయిన వార్నర్ వారి రిప్రైజ్‌కు వెళ్లడంతో, తమ సొంత ఇంటి లాంటి చోటనే తలుపులు మూసుకుపోయాయి. కాబట్టి ఆనాటి అభిమాని కోపం నిజమైనదే, అయితే అది చాలావరకు ఒప్పందం మీద కోపం. ధ్వని మారిందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మన చెవులతోనే తేల్చుకోవచ్చు. 'వెల్‌కమ్ టు ప్యారడైజ్' అనే పాట అంతకుముందరి ఆల్బమ్ 'కర్‌ప్లంక్'లోనూ ఉంది, 'డూకీ' కోసం మళ్లీ రికార్డు చేశారు. రెండింటినీ వెంటవెంటనే వినండి. పాట కట్టుబడి అదే, వేగం వెనుక ఉన్న ఉరుకూ అదే. నిర్మాత రాబ్ కవాల్లో చేతిలో పడ్డాక గిటార్ చిక్కబడింది, డ్రమ్ దెబ్బ విడిగా తెలుస్తోంది, గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు ముందుకు వచ్చింది. ఈ నునుపు నచ్చకపోవడం సబబైన అభిప్రాయమే. పాత రికార్డింగు వినకుండా 'పంక్ పోయింది' అనడం మాత్రం ఎవరో అన్న మాటను అప్పగించడమే.

పాటలన్నీ ఒకటే అన్న ఫిర్యాదుకు వస్తే, అందులో కొంత నిజం ఉంది: గిటార్ ధ్వని ఆల్బమ్ పొడవునా పెద్దగా మారదు, రెండవ సగంలో కొన్ని పాటలు ఒకదాని వెంట ఒకటి దాదాపు ఒకే ఊపులో పరుగెడతాయి. అయినా తీర్పు చెప్పే ముందు గిటార్‌ను పక్కనపెట్టి, కింద ఏం జరుగుతోందో వినాలి. 'లాంగ్‌వ్యూ' చరణాలలో పాటను మోసేది మైక్ డర్న్ట్ వాయించే బాస్. గిటార్ పల్లవి వచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. 'బాస్కెట్ కేస్' ఒక గొంతుతో, ఒక గిటార్‌తో మొదలై, మిగిలినవారు వచ్చి చేరేకొద్దీ కంగారు పెరిగినట్టు వినిపిస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ తనకు వచ్చే తీవ్రమైన ఆందోళన గురించే ఆ పాట రాశాడని తెలిశాక, ఆ అమరికకు అర్థం దొరుకుతుంది. సాహిత్యం కుర్రతనంగా ఉందనేవారికి కూడా ఇదే జవాబు చెప్పవచ్చు: ఆల్బమ్ విడుదలయ్యే నాటికి రచయితకు 21 ఏళ్లు, విసుగూ భయమూ అతడు ఎంచుకున్న వస్తువులు. ఆ వస్తువును ఎంత బాగా పట్టుకున్నాడన్నదే అడగవలసిన ప్రశ్న.

అమ్మకాలనూ అవార్డులనూ అభిప్రాయాల లెక్కలో వేయకూడదు. అమెరికాలోనే కోటికి పైగా ప్రతులు వెళ్లాయనీ, గ్రామీ వచ్చిందనీ తెలిస్తే ఎందరికి చేరిందో తెలుస్తుంది, అంతే.

ఇక సొంత అభిప్రాయం రాసేటప్పుడు, ఈ సంగీతంతో మీకున్న పరిచయం ఎంతో మొదటి వాక్యంలోనే చెప్పండి. పదిహేనేళ్ల వయసులో విన్నవారి మాటకూ, నలభైలో మొదటిసారి విన్నవారి మాటకూ పాఠకుడు వేరువేరు తూకం వేసుకుంటాడు. 'అదిరింది', 'సోది' వంటి మాట రాసిన ప్రతిసారీ, ఏ పాటలో ఎన్నో నిమిషం దగ్గర అలా అనిపించిందో పక్కనే రాయండి. రాయలేకపోతే ఆ మాట కొట్టేయండి. తరువాత వచ్చిన బృందాలతో పోల్చదలిస్తే, సంవత్సరాలు చూసుకోండి. బ్లింక్-182 వారి 'ఎనిమా ఆఫ్ ది స్టేట్' 1999 నాటిది కనుక, 'డూకీ' దాన్ని అనుకరించిందని రాస్తే నవ్వులపాలవుతాం. ఒక రోజు ఆగి, ఫోన్ స్పీకరులో కాక ఇయర్‌ఫోన్లతో మరోసారి విని, అప్పటికీ నిలిచిన వాక్యాలను మాత్రమే ఉంచండి. ఆల్బమ్‌ను ఎన్నడూ వినని పాఠకుడి కోసం చివర రెండు పాటల పేర్లు సూచించడం మంచిది: నెమ్మదిగా నడిచే 'వెన్ ఐ కమ్ ఎరౌండ్' ఒకటి, మొదటి క్షణం నుంచే దూసుకుపోయే 'బర్న్‌అవుట్' మరొకటి. ఈ రెండూ నచ్చనివారికి మిగిలిన ఆల్బమ్‌ను బలవంతపెట్టనక్కరలేదు.