బోరు నీళ్ల ఇంట్లో లంగోటీలు మెత్తగా ఉండాలంటే

రోజుకు ఆరు డైపర్లు, ఒక్కోటి పది రూపాయలు అనుకున్నా నెలకు 1,800. ఉతికి వాడుకునే గుడ్డ డైపర్లు ఒకసారి కొంటే రెండో కాన్పుకూ పనికొస్తాయి. డబ్బు కంటే పెద్ద లాభం ఇంకొకటి. గుడ్డ తడిస్తే చేతికి తెలిసిపోతుంది, వెంటనే మారుస్తాం. జెల్ డైపర్ పైకి పొడిగానే ఉంటుంది కాబట్టి మార్చడం వాయిదా పడుతూ ఉంటుంది, ఈలోగా తొడల మడతలు ఎర్రబడొచ్చు. చెత్త బండిలో పడి, హైదరాబాద్ చెత్తంతా పోసే జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరే బరువూ తగ్గుతుంది.

మొదలుపెట్టి మధ్యలో మానేసేవాళ్ల ఫిర్యాదులు ఇవే: గరుకెక్కాయి, వాసనొస్తున్నాయి, కారుతున్నాయి. హైదరాబాద్‌లో ఈ మూడింటికీ చాలా ఇళ్లలో మూలం బోరు నీళ్లే. సగం సీసా నీళ్లలో ఒంటి సబ్బు చిటికెడు గీకి వేసి గట్టిగా ఊపండి. నురగ నిలిస్తే పర్వాలేదు. నురగ రాకుండా విరిగిన పాలలా తెట్టు కడితే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నట్టు. ఆ తెట్టే పోగుల్లో పేరుకుని గుడ్డను తడి పీల్చనివ్వదు.

మొదటి మూడు నెలలు రోజుకు పది పన్నెండు సార్లు మార్చాలి. రోజు విడిచి రోజు ఉతికితే 24 లంగోటీలు లేదా లోపలి ప్యాడ్లు, ఆరేడు పై కవర్లు సరిపోతాయి. కొత్త కాటన్‌లో సహజమైన నూనె ఉంటుంది, నాలుగైదు ఉతుకుల తర్వాతే బాగా పీలుస్తుంది. మైక్రోఫైబర్ ప్యాడ్ మాత్రం ఒంటికి నేరుగా తగలకూడదు, చర్మంలోని తేమను లాగేస్తుంది. దాన్ని కవర్ జేబులోనే పెట్టండి. బొడ్డు ఊడేదాకా ముందు అంచును బొడ్డు కిందికి మడవండి. తొడ దగ్గర వేలు దూరేంత వదులుండాలి.

తడిసినవాటిని ఒకసారి చన్నీళ్లలో జాడించి గాలాడే బుట్టలో వేయండి. మూతపెట్టిన బకెట్‌లో నానబెడితే మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారి ఘాటు వాసన పట్టేస్తుంది. మోషన్ అయితే టాయిలెట్ జెట్ స్ప్రేతో ముందే కడిగేయాలి. రెండు రోజులకు మించి నిలవ ఉంచొద్దు.

మెషిన్‌లో మొదట చన్నీళ్లతో ఒక రౌండు, తర్వాత సబ్బుతో అసలు ఉతుకు. కవర్లకు 40 డిగ్రీలు దాటొద్దు, తెల్ల కాటన్ ప్యాడ్లకు 60 దాకా పెట్టొచ్చు. పసిబిడ్డ బట్టలు కదా అని డిటర్జెంట్ తగ్గించేస్తారు. బోరు నీళ్లలో అది పొరపాటు, మురికి పూర్తిగా పోదు. ప్యాకెట్ మీద రాసినంత వేసి, ఒక చెంచా చాకలి సోడా కలిపి, నురగ పోయేదాకా రెండుసార్లు జాడించండి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో ఉతుకు ఆ రోజుకే పెట్టుకుని, కనీసం ఆఖరి జాడింపైనా ఆ నీళ్లతో చేయండి. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని చాలా ఇళ్లలో బట్టలకు వాడతారు. లంగోటీలకు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. ఫాబ్రిక్ కండిషనర్ అసలే వద్దు, పోగుల మీద పొర కట్టేస్తుంది. రాష్ క్రీము రాస్తే మధ్యలో పాత పంచె ముక్క వేయండి.

ఆరిన ప్యాడ్ మీద నీటి చుక్క వేసి చూడండి. ఇంకకుండా ముత్యంలా దొర్లిపోతే లోపల ఏదో పేరుకుంది. సబ్బు లేకుండా వేడి నల్లా నీళ్లతో, నురగ ఆగేదాకా మూడు నాలుగు సార్లు ఉతికితే తిరిగి పీల్చొచ్చు.

పసుపు మరకలున్న కాటన్‌ను తడిగానే ఎండలో వేయండి, చాలావరకు వెలిసిపోతాయి. కవర్లకు నీడ చాలు. మే ఎండలో ప్యాడ్లు అట్టలా బిగుసుకుంటాయి, తీసేటప్పుడు రెండు చేతులతో నలిపితే మెత్తబడతాయి. ముసురు రోజుల్లో మడతలు విప్పి ఫ్యాన్ కింద వేసి, చివర్లో కాటన్‌కు మాత్రమే ఇస్త్రీ పెట్టండి. కవర్‌కు ఇస్త్రీ తగిలితే లోపలి పూత కరిగిపోతుంది.

మడతల లోపల బాగా ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, పిల్లల డాక్టరుకు చూపించండి. మందు వాడుతున్నన్నాళ్లూ కాటన్ ప్యాడ్లను 60 డిగ్రీల్లోనే ఉతకండి.