పరీక్షల దగ్గర ఆగిన ఫైలు ఎలా కదిలిందంటే

మాది ఉద్దానం, కవిటి దగ్గర. మా ఆయనకి వారానికి మూడు డయాలసిస్‌లు. అత్తమ్మ కిడ్నీ ఇస్తానన్నారు, బ్లడ్ గ్రూపూ కలిసింది. అయినా నాలుగు నెలలు పరీక్షల దగ్గరే ఆగిపోయాం.

ఒకసారి గుండె పరీక్ష, ఇంకోసారి పళ్ల డాక్టరు సంతకం. పళ్లెందుకని విసుక్కున్నాను. మార్పిడి తర్వాత వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, పుచ్చుపన్నులో చీమున్నా ప్రాణం మీదికొస్తుందని చెప్పాక భయమేసింది. డయాలసిస్ లేని రోజే విశాఖ వెళ్లాలి. ఒకటి అయ్యేసరికి ఇంకో రిపోర్టు పాతబడిపోయేది.

చివరికి ఆసుపత్రిలో మార్పిడి పనులు చూసే కోఆర్డినేటర్‌గారి ముందు నోటుబుక్కు పెట్టి, 'మొత్తం లిస్టు ఒకేసారి చెప్పండి మేడం' అన్నాను. పరీక్ష, తేదీ, ఎన్నాళ్లు చెల్లుతుంది, ఎవరి సంతకం అని గళ్లు గీసి రాసుకున్నాను. ఆవిడే మూడు పరీక్షలు ఒకే రోజుకి కుదిర్చారు.

అసలు చిక్కు కాగితాల్లో వచ్చింది. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లి దగ్గరి బంధువే, కానీ రుజువు కావాలి. అత్తమ్మ ఆధార్‌లో ఇంట్లో పిలిచే పేరుంది, మా ఆయన పదో తరగతి సర్టిఫికెట్‌లో తల్లి పేరు దగ్గర ఆవిడ అసలు పేరుంది. ఆధార్ సరిచేయించాం. మీరైతే ముందు ఇదే చూసుకోండి.

మొన్న క్రాస్‌మ్యాచ్ నెగెటివ్ వచ్చింది, అంటే కిడ్నీ సరిపోతుందని. అత్తమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నారు.