స్లైడ్‌కో ఫాంట్, స్లైడ్‌కో రంగు రాకుండా ఉండాలంటే

పవర్‌పాయింట్‌లో ఒక్కో స్లైడ్‌కీ వెళ్లి టైటిల్ సైజు సరిచేస్తూ కూర్చోకండి, అది తెగే పని కాదు. వ్యూ ట్యాబ్‌లో స్లైడ్ మాస్టర్ తెరవండి. ఎడమవైపు వరుసలో అన్నిటికంటే పైన కాస్త పెద్దగా కనిపించేదే అసలు మాస్టర్, దాని కింద ఉన్నవి లేఅవుట్లు, అంటే స్లైడ్‌లో టైటిల్, మాటలు, బొమ్మలు ఎక్కడెక్కడ రావాలో చెప్పే అచ్చులు. ఫాంట్, రంగులు, లోగో, పేజీ నంబర్ చోటు అన్నీ పైదాంట్లోనే మారిస్తే కిందవాటికీ వచ్చేస్తాయి (ఏదైనా లేఅవుట్‌లో ఎవరో విడిగా మార్చి ఉంటే మాత్రం అక్కడ మళ్లీ చూసుకోవాలి).

మాస్టర్ మార్చినా కొన్ని స్లైడ్లు మొండికేస్తాయి. అవి ఎంచుకుని హోమ్ ట్యాబ్‌లో రీసెట్ నొక్కితే చాలావరకు దారికొస్తాయి. కానీ టైటిల్‌ని లేఅవుట్ ఇచ్చిన డబ్బాలో కాకుండా ఇన్సర్ట్ నుంచి తెచ్చిన టెక్స్ట్ బాక్స్‌లో రాసి ఉంటే రీసెట్ దాన్ని పట్టించుకోదు, నా లెక్కన సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది, కాబట్టి ఆ మాటల్ని కట్ చేసి అసలు డబ్బాలో వేయాల్సిందే.

వేరే ఫైల్ నుంచి స్లైడ్లు తెచ్చేటప్పుడు పేస్ట్ ఆప్షన్లలో యూజ్ డెస్టినేషన్ థీమ్ ఎంచుకోండి, అప్పుడు అవి మీ ఫైల్ ఫాంట్లు, రంగులే తీసుకుంటాయి. తెలుగు స్లైడ్లైతే నిర్మలా యూఐ లాంటి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ వాడే ఉమ్మడి పద్ధతి) ఫాంట్ ఒక్కటే పెట్టుకోండి. పాత ఫాంట్ ఇంకా అక్కడక్కడా మిగిలితే, హోమ్‌లో రీప్లేస్ పక్క బాణం నొక్కితే వచ్చే రీప్లేస్ ఫాంట్స్‌తో ఒకేసారి మార్చేయొచ్చు. అంతా కుదిరాక పవర్‌పాయింట్ టెంప్లేట్‌గా సేవ్ చేసి టీమ్‌కి ఆ ఫైలే ఇవ్వండి, పాత ప్రెజెంటేషన్ కాపీ కాదు.