ఒకే టిష్యూ మీద ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ), ఫ్లోరోసెన్స్ (రంగేసి వెలుగు చూడటం) రెండూ చేస్తుంటే వచ్చే తలనొప్పులు

2000 కింద (ఇక్కడి ఐఆర్ అంకెలన్నీ cm⁻¹లో) సిగ్నలే లేదు, ప్రోటీన్ పీక్‌లు ఎమైడ్ 1 (1650 దగ్గర), ఎమైడ్ 2 (1550 దగ్గర) రెండూ మాయం: మామూలు గాజు స్లైడ్ వాడేసుంటారు, గాజు ఆ ఐఆర్‌నంతా మింగేస్తుంది. కాల్షియం ఫ్లోరైడ్ విండో మీద సెక్షన్ (టిష్యూ పల్చటి ముక్క) పెట్టండి, దాదాపు 1000 దాకా ఐఆర్ పోతుంది, ఫ్లోరోసెన్స్‌కీ అడ్డు రాదు. రేటు చూస్తే గుండె గుభేల్‌మంటుంది కానీ కడిగి మళ్ళీ వాడుకోవచ్చు.

1040 చుట్టూ పెద్ద గుట్ట లేచింది: అది టిష్యూది కాదండీ, మౌంటింగ్ మీడియం (కవర్‌స్లిప్ కింద వేసే ద్రవం)లోని గ్లిజరాల్‌ది. ముందు రంగేసి, కవర్‌స్లిప్ పెట్టి, తర్వాత ఐఆర్‌కి తీసుకెళ్తే ఇంతే. పొడి సెక్షన్ మీద ఐఆర్ మొదట, స్టెయినింగ్ తర్వాత, ఈ వరస మాత్రం మార్చొద్దు.

1400 నుంచి 1800 మధ్య రంపం పళ్ళలా సన్నటి గీతలు: గాల్లో నీటి ఆవిరి. బెజవాడలో, గుంటూరులో వానాకాలం వచ్చిందంటే ఇది రోజూ ఉండే గోలే, పైగా రాత్రి ఏసీ కట్టేసి వెళ్ళిపోతారు, పొద్దున్నే తలుపు తీసి వెంటనే స్కాన్ మొదలెడతారు, ఇక గీతలు రాక ఏమొస్తాయి. పొడి నైట్రోజన్ పర్జ్ పెట్టి (లోపలి గాలిని దానితో తోసేసి) కాసేపు ఆగండి, బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ లేని స్కాన్) కొత్తగా తీయండి. డెసికెంట్ (తేమ పీల్చే గుళికలు) నీలం రంగు రకమైతే గులాబీకి తిరిగిందేమో చూసి మార్చండి, లేకపోతే లోపలున్న పొటాషియం బ్రోమైడ్ భాగాలు మసకబారతాయి, అప్పుడు బిల్లు చూసి మీ గైడ్ గారు ఊరుకోరు.

ఎమైడ్ 1 పీక్ 1650 నుంచి 1630 వైపు జరిగింది: బీటా షీట్ (ప్రోటీన్ గొలుసులు పక్కపక్కనే పేర్చుకున్న రూపం), అమిలాయిడ్ (అలా పేరుకుపోయిన ప్రోటీన్) దొరికేసిందని సంబరపడే ముందు 1700 పైన బేస్‌లైన్ కిందికి కుంగిందేమో చూడండి. కుంగితే అది ‘మీ’ (Mie) స్కాటరింగ్ అనే కాంతి చెదరడం, సెల్ సైజు, ఐఆర్ వేవ్‌లెంగ్త్ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు వస్తుంది, పీక్‌ని పక్కకి లాగినట్టు చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ Mie కరెక్షన్ వేశాక కూడా 1630 దగ్గర భుజం మిగిలితే, అదే సెక్షన్‌కి థయోఫ్లావిన్ (అమిలాయిడ్‌కి అంటుకుని వెలిగే రంగు) వేసి అదే చోట వెలుగుతుందో లేదో చూడండి. రెండూ చేసేదే ఇందుకు కదా.

రెండు ఇమేజ్‌లు ఒకదాని మీద ఒకటి కూర్చోవట్లేదు: కూర్చోవు మరి, ఫ్లోరోసెన్స్ పావు మైక్రాన్ దాకా విడదీస్తుంది, మామూలు ఐఆర్ మైక్రోస్కోప్ 5 నుంచి 10 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. రక్తనాళం అంచు, సెక్షన్ మడత లాంటివి, ఒకే గీత మీద లేనివి మూడు గుర్తులు పట్టుకుని అలైన్ చేసి, ఫ్లోరోసెన్స్ ఇమేజ్‌ని ఐఆర్ పిక్సెల్ సైజుకి దించి పోల్చండి. ఇంకా చిన్నవి కావాలంటే విజిబుల్ లేజర్‌తో వేడిని చదివే ఫోటోథర్మల్ ఐఆర్ దొరికే చోటికి శాంపిల్ పంపాల్సిందే.

రంగే వేయని చోట కూడా ఆకుపచ్చ వెలుగు: ఫార్మలిన్ ఫిక్సేషన్ వల్లో, లైపోఫసిన్ (సెల్స్‌లో పేరుకునే, దానంతటదే వెలిగే పదార్థం) వల్లో అయ్యుంటుంది, స్టెయిన్ చెయ్యని పక్క సెక్షన్‌ని కంట్రోల్‌గా పెట్టుకోండి.