అంబాసిడర్‌కు చార్జింగ్ ఎక్కట్లేదా? కొత్త బ్యాటరీ కొనే ముందు ఇవి చూడండి

అనంతపురంలో పాత అంబాసిడర్ తీసుకుని ఏ షాపుకు పోయినా మొదట వినబడే మాట "బ్యాటరీ పోయిందన్నా, కొత్తది వేద్దాం" అని. పోయి ఉండొచ్చు కూడా, మన ఎండలకు బ్యాటరీలు తొందరగానే పోతాయి. కానీ చార్జింగే ఎక్కని బండికి కొత్త బ్యాటరీ వేస్తే నాలుగు రోజులు బాగా తిరిగి, తర్వాత గుత్తి రోడ్డులో తోయించుకుంటుంది. అందుకే ముందు ఒక మల్టీమీటరు కొనుక్కోండి, కొన్ని వందల్లో వస్తుంది.

రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు, బ్యాటరీ రెండు టర్మినళ్ల మధ్య కొలవండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్లు, 12.2 అంటే సగమే ఉందని లెక్క. ఇప్పుడు స్టార్ట్ చేసి కొంచెం రేస్ ఇచ్చి చూడండి: 13.8 నుంచి 14.5 మధ్యకు ఎక్కితే చార్జింగ్ బాగానే ఉంది, అప్పుడు బ్యాటరీని అనుమానించండి. ఎక్కకుండా 12 దగ్గరే ఉంటే చార్జింగ్ లేదు. 15 దాటిందంటే ఎక్కువ ఎక్కుతోంది, నీళ్లు పదేపదే తగ్గడం, బానెట్ ఎత్తితే కుళ్లిన గుడ్ల వాసన రావడం కూడా దీనికి గుర్తులే. రేస్ ఇవ్వమని ఎందుకన్నానంటే డైనమో (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే పాతకాలం మిషను) ఉన్న బండి ఐడిల్‌లో దాదాపు చార్జ్ చేయదు, డాష్‌బోర్డు మీది ఎర్ర చార్జింగ్ లైటు మిణుకుమిణుకుమనడం అక్కడ మామూలే, దానికి టెన్షన్ పడొద్దు.

తర్వాత ఫ్యాన్ బెల్టు. మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. మరీ టైట్ చేస్తే డైనమో బుష్ అరిగిపోతుంది. బ్యాటరీ టర్మినళ్లకు తెల్లగా పొడి పట్టి ఉంటే వేడినీళ్లు పోసి కడిగి, గీకి, బిగించండి. సగం కంప్లయింట్లు ఈ రెండింటితోనే తీరిపోతాయి.

తీరకపోతే డైనమోనే పరీక్షించాలి. దానికి వెనక రెండు టెర్మినళ్లు ఉంటాయి, పెద్దది డి, చిన్నది ఎఫ్. ఆ రెండు వైర్లూ పీకేసి, రెండు టెర్మినళ్లనూ చిన్న వైరు ముక్కతో కలిపి, మీటరు ఒక కొస అక్కడ, ఇంకో కొస డైనమో బాడీ మీద పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేసి మెల్లగా, చాలా మెల్లగా రేస్ పెంచండి. ముల్లు ఉన్న మీటరైతే ఇంకా బాగా తెలుస్తుంది: వోల్టేజీ కుదుపుల్లేకుండా చకచకా ఎక్కాలి. 20 దాటనివ్వకండి, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ లైన్లో లేదు కాబట్టి ఆపేవాళ్లు ఎవరూ లేరు. అసలు ఏమీ రాకపోతే కార్బన్లు (తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందుకునే బ్రష్షులు) చూడండి. అర వోల్టో ఒక వోల్టో వచ్చి ఆగిపోతే ఫీల్డ్ కాయిల్ (బాడీలో కదలకుండా ఉండే చుట్ట) మీద అనుమానం, నాలుగైదు వోల్టులకు ఆగితే ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) వైండింగ్. ఇంత చెప్పగలిగితే వైండింగ్ షాపులో మిమ్మల్ని అంత తేలిగ్గా బోల్తా కొట్టించలేరు.

కార్బన్లు మన దుమ్ముకు ఇరుక్కుపోతుంటాయి. బయటికి లాగి, హోల్డర్ తుడిచి, స్ప్రింగు నొక్కుడు చూడండి. కార్బన్లు ఆనే రాగి భాగం, అంటే కమ్యుటేటర్, నల్లబడి ఉంటే సన్న ఉప్పుకాగితంతో రుద్దండి, ఎమరీ కాగితం మాత్రం వద్దు, దాని పొడి గాడుల్లో చేరి షార్ట్ చేస్తుంది.

డైనమో బాగుంటే వైర్లు తిరిగి బిగించి కటౌట్ బాక్సుకు, అంటే ఆ రెగ్యులేటర్ ఉండే పెట్టెకు రండి. లోపలి పాయింట్లు కాలి ఉన్నాయా, బాక్సు ఎర్తు వైరు వదులైందా చూడండి. ఆ ఒక్క వైరు తుప్పు పడితే చార్జింగ్ ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ, మనిషిని పిచ్చెక్కిస్తుంది. స్ప్రింగులు వంచి సెట్ చేసే పని మీరు పెట్టుకోకండి, అది చెయ్యి తిరిగినవాళ్లకే వదిలేయండి. ఇంకో మాట, పాత ఇంగ్లండ్ బండ్లలో బ్యాటరీ ప్లస్సే బాడీకి ఎర్తుగా ఉండేది, అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానమే, కాబట్టి కేబుల్ పీకే ముందు మీ బండిలో ఏది ఎర్తో చూసుకోండి.

డైనమో బదులు ఆల్టర్నేటర్ ఉన్న బండైతే లెక్క వేరు. తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలగకపోతే ముందు ఆ బల్బు మార్చండి, చాలా ఆల్టర్నేటర్లకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వస్తుంది. ఇంజన్ ఆడుతుండగా బ్యాటరీ వైరు పీకి "ఆడుతోంది కాబట్టి చార్జింగ్ ఉంది" అని చూపించే అలవాటు ఉన్నవాళ్లు ఎదురైతే చెయ్యి పట్టుకుని ఆపండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) కాలిపోతాయి.

అన్నీ బాగుండి కూడా రాత్రి ప్రయాణాల్లో బ్యాటరీ దిగిపోతుందా? మీ లైట్ల లెక్క వేయండి. పాత డైనమో మహా అయితే 22 ఆంపియర్ల దాకా ఇస్తుంది. హెడ్‌లైట్లు రెండూ 100 వాట్ల హాలోజెన్ అయితే అవే 16 మింగుతాయి, ఆపైన హారను, ఫ్యాను, పెళ్లి కారైతే సీరియల్ సెట్టు కూడా. నా వరకు, ఆదివారం బయటికి తీసే బండికి డైనమోనే ఉంచుతాను, రాత్రిళ్లు తిరిగే బండికి మాత్రం ఆల్టర్నేటర్ పెట్టించడమే మేలు.

ఇక ఆపి ఉంచినప్పుడే దిగిపోతుంటే, అన్నీ ఆర్పేసి, తలుపులు మూసి, ఒక కేబుల్ పీకి, దానికీ టర్మినల్‌కూ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టారో, లోపలి ఫ్యూజు పోతుంది. రేడియో గడియారాల్లాంటివి లేని బండిలో దాదాపు సున్నా చూపించాలి. చూపించకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోండి, ఏది తీసినప్పుడు పడిపోతే దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు. ఏ ఫ్యూజు తీసినా తగ్గలేదంటే ఆల్టర్నేటర్ వైరు విప్పి చూడండి, అప్పుడు తగ్గితే డయోడ్ లీకు.