మన నియోజకవర్గంలో ఓటు ఎటు మళ్లిందో మనమే లెక్క తీసుకోవడం ఎలా

2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నిక ఫలితం వచ్చిన సాయంత్రానికి ఉమ్మడి నల్గొండలో 12కి 12, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14కి 14, అంటే 26 మంది ఎమ్మెల్యేలూ టీఆర్ఎస్‌లోనే ఉన్నారు. పదమూడు నెలలు తిరిగేసరికి, 2023 డిసెంబరు 3న, ఆ 26లో 23 కాంగ్రెస్ గెలిచింది. అప్పటికి బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్ కారు గుర్తుకు సూర్యాపేట, గద్వాల, అలంపూర్ మాత్రమే మిగిలాయి. మా దగ్గర హోటల్ కాడ పేపర్ చదివేవాళ్లందరూ ఇంత మార్పు ఎట్ల వచ్చిందని ఆశ్చర్యపోయారు, నేనూ పోయాను. తర్వాత పాత ఫలితాలు ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది, ఆ 26 అంకెలో కొంత కథ కండువాలదే, అంటే గెలిచాక పార్టీ మారినవాళ్లదే. ఓటు లెక్క వేరే ఉంది. దాన్ని ఎవరికి వాళ్లం తీసుకోవచ్చు, ఒక లాంగ్ నోట్‌బుక్కు, ఓ ఆదివారం చాలు.

ముందు ఫారం 20 సంపాదించండి. కౌంటింగ్ అయ్యాక రిటర్నింగ్ ఆఫీసర్ తయారుచేసే షీట్ అది, బూత్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా పెడతారు. 2018ది, 2023ది రెండూ తీసుకోండి. పైన గళ్లలో చాలాసార్లు అభ్యర్థుల పేర్లే ఉంటాయి, పార్టీ ఉండదు, కాబట్టి ఎవరు ఏ గుర్తో పక్కన పెన్నుతో రాసుకోండి. ఇది చిన్న పని అనుకుని వదిలేయకండి, మన జిల్లాల్లో అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

నకిరేకల్ చూడండి. 2018లో చిరుమర్తి లింగయ్య చేతి గుర్తు మీద, వేముల వీరేశం కారు గుర్తు మీద పోటీపడితే లింగయ్య గెలిచారు. కొన్ని నెలలకే టీఆర్ఎస్‌లోకి వెళ్లిపోయారు. 2023 వచ్చేసరికి వీరేశం చేతి గుర్తు మీద, లింగయ్య కారు గుర్తు మీద నిలబడ్డారు. మనుషులు వాళ్లే, గుర్తులు తారుమారు. గెలిచింది మళ్లీ చెయ్యే. కృష్ణ ఒడ్డున కొల్లాపూర్‌లోనూ ఇదే జరిగింది. 2018లో బీరం హర్షవర్ధన్ రెడ్డి చేతి గుర్తు మీద జూపల్లి కృష్ణారావును ఓడించి తర్వాత కారెక్కారు, 2023లో జూపల్లి చేతి గుర్తుతో వచ్చి ఆయన్ను ఓడించారు. పేరు పట్టుకుని పోల్చితే ఈ రెండు చోట్లా లెక్క తప్పుతుంది. గుర్తు పట్టుకుని పోల్చితే, ఎమ్మెల్యే పోయినంత మాత్రాన ఓటు వెంట పోలేదని కనిపిస్తుంది. అందుకే నోట్‌బుక్కులో రెండు గళ్లు వేరుగా గీయండి: గెలిచిన గుర్తు ఒకటి, ఇప్పుడున్న పార్టీ ఒకటి.

ఆ రెండో గడి ఎట్ల మారుతుందో కూడా తెలిసి ఉండాలి. గెలిచాక పార్టీ మారితే పదవి పోయేలా చేసే ఫిరాయింపుల చట్టం 1985 నుంచి ఉంది. 2003 సవరణ తర్వాత మూడోవంతు మంది చీలిక అనే వెసులుబాటు పోయింది, మూడింట రెండొంతుల మంది కలిసి విలీనం అంటేనే పదవి నిలుస్తుంది. 2018లో కాంగ్రెస్‌కు 19 మంది గెలిచారు. 19కి రెండొంతులంటే 13 మంది కావాలి. హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా గెలిచి రాజీనామా చేయడంతో వాళ్లు 18 అయ్యారు, అప్పుడు 12 మంది సరిపోయారు. 2019 జూన్‌లో సరిగ్గా 12 మందే వెళ్లి విలీనం అన్నారు. ఓటరు ఒక్క ఓటూ మార్చలేదు, అసెంబ్లీలో ప్రతిపక్షం మాత్రం కరిగిపోయింది. నాకు ఇది ఇప్పటికీ కడుపుమంటే. 2023 తర్వాత బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి వచ్చిన పదిమంది ఎమ్మెల్యేల విషయంలోనూ అంతే మంట, వాళ్ల అనర్హత సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

ఇక బూత్‌ల పని. నంబరు చూసి జత చేయకండి, ఊరి పేరు చూసి జత చేయండి. ఓటర్లు పెరిగితే ఒక బూత్‌ను రెండు చేస్తారు, దాంతో కింద నంబర్లన్నీ జరుగుతాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాకు కొత్తగా బూత్ వచ్చిందంటే పాత ఊరి బూత్‌లో ఓట్లు తగ్గినట్టు కనిపిస్తాయి, అవి ఎటూ పోలేదు, పక్క బూత్‌లో ఉన్నాయి. అలాంటప్పుడు ఊరిని మొత్తంగా కూడి రాయండి. పోస్టల్ ఓట్లు ఏ బూత్‌లోనూ కలవవు, ఆఖరి వరుసలో వేరుగా ఉంటాయి.

తర్వాత తేడా తీయండి. ఊరికే మెజారిటీ రాసుకుని ఆపకండి, దాన్ని సగం చేయండి. ఒకరి ఓటు అటు నుంచి ఇటు మళ్లితే తేడా రెండు తగ్గుతుంది కదా. 2014లో కల్వకుర్తి 78 ఓట్లతో తేలింది, అంటే 40 మంది మనసు మార్చుకుని ఉంటే ఫలితం తిరగబడేది. కోదాడలో 2018లో 756 తేడా, 379 మంది చాలు. రెండు వందలకు పైగా బూత్‌లున్న చోట అది బూత్‌కు ఒకటి రెండు ఓట్లు. ‘నా ఒక్క ఓటుతో ఏమైతది’ అనేవాళ్లకు నేను ఈ పేజీ తీసి చూపిస్తా.

శాతమూ రాయండి, సంఖ్యా రాయండి, రెండూ కావాలి. ఒక బూత్‌లో ఒక పార్టీకి అప్పుడు 400, ఇప్పుడు 400 వచ్చాయనుకుందాం, కానీ పోలైనవి 800 నుంచి 1000 అయ్యాయి. వాళ్ల ఓట్లు నిలిచినట్టే ఉన్నా వాటా 50 నుంచి 40కి పడింది, కొత్తగా వచ్చిన ఓటు వాళ్లకు పడలేదు.

పొత్తులు మర్చిపోకండి. 2018లో మహబూబ్‌నగర్, మక్తల్ సీట్లు పొత్తులో టీడీపీకి వెళ్లాయి, ఆ గడిలో కాంగ్రెస్ లేదు. సున్నా నుంచి ఇంత పెరిగిందని రాస్తే అది లెక్కే కాదు. ఉప ఎన్నికను మధ్యలో పెట్టి గీత గీయొద్దు కూడా. హుజూర్‌నగర్‌లో 2019 ఉప ఎన్నికలో టీఆర్ఎస్‌కు 43 వేల మెజారిటీ వచ్చింది, 2023లో అదే సీటు 44 వేలకు పైగా మెజారిటీతో కాంగ్రెస్‌కు పోయింది. ఉప ఎన్నికలో రాష్ట్రంలో ఉన్న మంత్రులందరూ మన మండలంలోనే దిగుతారు, ఆ నెల వేరు.

మన సీటు అయ్యాక దాని పక్కన రాష్ట్రం లెక్క కూడా పెట్టి పోల్చి చూడండి. 2023లో కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ 39. మన రెండు ఉమ్మడి జిల్లాలు తీసేస్తే మిగిలేది 41, 36. రాష్ట్రం మొత్తం మీద ఓట్ల తేడా రెండు శాతమే, సీట్ల తేడా 25. అందులో 20 మన పొలాల మధ్య నుంచే వచ్చింది.

నా నోట్‌బుక్కులో మా ఊరి వరుస చివర 2028 అని ఒక ఖాళీ గడి గీసి పెట్టుకున్నా, దాని పక్కన బూత్ నంబరు మాత్రం పెన్సిల్‌తో రాశాను, ఎట్లాగూ మారుతుంది.