సెమిస్టర్ ల్యాబ్‌లు మొదలయ్యే ముందు: మాన్యువల్లోని ప్రోగ్రాములకు జాగ్రత్తలు

దసరా సెలవులు అయిపోయి హన్మకొండ, కాజీపేట కాలేజీల్లో మళ్లీ ల్యాబ్‌లు తెరిచే వారం ప్రోగ్రామింగ్ మాన్యువల్స్‌కు గండం లాంటిది. సెలవుల్లో ఎవరో ఒకరు సిస్టమ్స్ ఫార్మాట్ చేసి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. పైథాన్ కొత్త వెర్షన్ కూడా ఏటా అక్టోబర్‌లోనే వస్తుంది. పిల్లల చేతుల్లో ఉన్న మాన్యువల్ మాత్రం పోయినేడాది రాసి, జిరాక్స్ సెంటర్లో స్పైరల్ బైండింగ్ చేయించింది. మొదటి ల్యాబ్‌లోనే ఒకమ్మాయి చెయ్యెత్తుతుంది: "సార్, మాన్యువల్ల ఉన్నట్టే కొట్టిన. అయినా ఎర్రర్ వస్తున్నది."

ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పరకాల, నర్సంపేట, ములుగు వైపు సర్కారు బడుల్లో చదివి వచ్చి, మొదటిసారి కీబోర్డు ముందు కూర్చున్న పిల్లలకు పుస్తకం తప్పుగా ఉందేమోనన్న అనుమానమే రాదు. తమకే చేతకావడం లేదనుకుంటారు. రెండు ల్యాబ్‌లు అట్లా గడిస్తే పక్కవాళ్ల రికార్డు చూసి ఎక్కించడం అలవాటైపోతుంది. అందుకే, నడిపి చూడని ఉదాహరణ ఒక్కటి కూడా అచ్చుకు పోవద్దని నేను గట్టిగా చెప్తాను. మడికొండ ఐటీ పార్కులో డాక్యుమెంటేషన్ రాసేవాళ్లకూ ఇదే మాట.

ముందు పాత సరుకు ఏరేయండి

సీ మాన్యువల్స్‌లో ఇప్పటికీ వాయిడ్ మెయిన్, కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్ ఫంక్షన్ కనిపిస్తుంటాయి. అవన్నీ టర్బో సీ అనే పాత కంపైలర్ (ప్రోగ్రామ్‌ను మెషిన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) కాలం నాటివి. ఉబుంటు (లినక్స్) మీద జీసీసీ అనే కంపైలర్ పెట్టిన ల్యాబ్‌లో కోనియో హెడర్ దొరకదు, మొదటి లైన్ల దగ్గరే కంపైల్ ఆగిపోతుంది. జావాలో ఆప్లెట్ (బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) ప్రయోగాలు మిగిలుంటే తీసేయండి. ఆప్లెట్ వ్యూయర్‌ను 2018లో వచ్చిన జేడీకే 11లోనే తొలగించారు. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేని పైథాన్ ప్రోగ్రామ్ కనిపిస్తే అది పైథాన్ 2ది. 2020 జనవరి 1తో దానికి సపోర్ట్ ఆగిపోయింది.

మెషిన్ లెర్నింగ్ ల్యాబ్ మాన్యువల్స్‌ను మరింత జాగ్రత్తగా చూడాలి. లీనియర్ రిగ్రెషన్ అనగానే చాలామంది బోస్టన్ ఇళ్ల ధరల డేటానే పెడతారు. నల్లజాతి జనాభాను ఇళ్ల ధరకు ముడిపెట్టే ఒక కాలమ్ అందులో ఉండటంతో, సైకిట్‌లెర్న్ అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ 1.2 వెర్షన్‌లో ఆ డేటాను లోడ్ చేసే ఫంక్షన్‌నే తీసేశారు. దాని బదులు కాలిఫోర్నియా ఇళ్ల డేటా పెడదామంటే ఇంకో చిక్కుంది. అది మొదటిసారి ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ అవుతుంది, నెట్ లేని ల్యాబ్‌లో అక్కడే ఆగిపోతుంది. లైబ్రరీతో పాటే వచ్చే డయాబెటిస్ డేటా పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు. పట్టికల డేటాకు వాడే పాండాస్ లైబ్రరీలో 2.0 నుంచి డేటాఫ్రేమ్‌కు (పట్టికకు) అపెండ్ లేదు, కాన్‌క్యాట్ వాడాలి. అంకెల లెక్కలకు వాడే నమ్‌పై లైబ్రరీ 2.0 తేడా ఇంకా మెత్తగా తగులుతుంది. ప్రాంప్ట్ దగ్గర సగటు అడిగితే ఒకప్పుడు 2.5 అని వచ్చే చోట ఇప్పుడు ఆ అంకె చుట్టూ 'ఎన్‌పీ ఫ్లోట్64' అని టైపు పేరు కూడా వస్తుంది. ప్రోగ్రామ్ సరిగ్గానే నడిచినా, మాన్యువల్లోని అవుట్‌పుట్‌తో పోల్చుకునే విద్యార్థి కంగారు పడతాడు.

ప్రోగ్రామ్‌ను వర్డ్‌లో టైప్ చేయొద్దు

వర్డ్ మామూలు కోట్ గుర్తులను వంకర కోట్లుగా మార్చేస్తుంది, కంపైలర్‌కు అవి మింగుడుపడవు. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పైథాన్ ఇండెంటేషన్ చెదిరిపోవచ్చు. ప్రతి ప్రోగ్రామ్‌నూ విడి ఫైలుగా ఉంచండి, పరీక్షించేది ఆ ఫైలునే. మాన్యువల్ దాన్ని లోపలికి లాక్కోవాలి. మాన్యువల్స్ తయారుచేసే స్ఫింక్స్ అనే టూల్‌లో లిటరల్ ఇన్‌క్లూడ్ ఈ పని చేస్తుంది. ఫైలు మొత్తం వద్దనుకుంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అనేది కామెంట్లతో గుర్తు పెట్టుకోవచ్చు. లైన్ నంబర్లతో కోయకండి, పైన ఒక్క లైన్ చేరినా కోత పక్కకు జరుగుతుంది.

నడిపే పని మెషిన్‌కు అప్పగించండి

పైథాన్‌తో పాటే డాక్‌టెస్ట్ వస్తుంది. పాఠంలో >>> గుర్తు పక్కనున్న లైన్లను నడిపి, కింద మీరు రాసిన జవాబుతో అక్షరం పొల్లుపోకుండా పోలుస్తుంది. మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో ఫార్మాటింగ్ చేసే టెక్స్ట్) ఫైల్లో వాడేటప్పుడు ఒకటి గమనించండి. ఇట్లా రాస్తే ఫెయిల్ అవుతుంది:

```
>>> 2 + 3
5
```

కోడ్ బ్లాక్‌ను మూసే ఆ మూడు బ్యాక్‌టిక్‌లను కూడా అది జవాబులో భాగమే అనుకుంటుంది. 5 తర్వాత ఒక ఖాళీ లైన్ వదిలితే సరిపోతుంది.

స్ట్రింగులున్న సెట్‌ను ప్రింట్ చేస్తే వరుస ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, సార్ట్ చేసి చూపించండి. ర్యాండమ్ వాడే చోట సీడ్ (ప్రతిసారీ అవే అంకెలు రావడానికి ఇచ్చే మొదటి అంకె) పెట్టండి. మెమరీ అడ్రస్ లాంటివి వచ్చే చోట ఎలిప్సిస్ ఆప్షన్‌తో, అక్కడ ఏదొచ్చినా సరే అన్నట్టు మూడు చుక్కలు పెట్టుకోవచ్చు. కానీ జవాబు మొత్తాన్నీ చుక్కలతో కప్పేస్తే పరీక్షించి లాభం లేదు. సున్నాతో భాగిస్తే వచ్చే ఎర్రర్‌ను చూపించే ఉదాహరణను కూడా వదలొద్దు. డాక్‌టెస్ట్ మధ్యలోని ఫైలు పేర్లు, లైన్ నంబర్లు పట్టించుకోదు, ఎర్రర్ పేరు, సందేశం సరిపోతే చాలు.

వేరే భాషల్లోనూ ఇట్లాంటి పరీక్షలున్నాయి. గో భాషలో ఎగ్జాంపుల్ ఫంక్షన్ చివర అవుట్‌పుట్ కామెంట్ లేకపోతే అది కంపైల్ అవుతుందే తప్ప నడవదు. రస్ట్ భాషలో ఇగ్నోర్ అని రాసిన ఉదాహరణను మామూలు టెస్టులో కనీసం కంపైల్ కూడా చేయదు. నడపడం కుదరని చోట నో రన్ పెట్టండి, కంపైల్ అయినా అవుతుంది.

అన్నీ పాస్ అని వచ్చిందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. పైథాన్ టెస్టులు నడిపే టూల్ పైటెస్ట్‌కు ఫైళ్ల పేర్ల నమూనా చెప్పకపోతే మీ మార్క్‌డౌన్ పాఠాల జోలికే పోదు. కాబట్టి ఒక జవాబులో 5 ఉన్న చోట కావాలనే 6 అని మార్చి నడపండి. ఎర్రగా ఫెయిల్ రాకపోతే పరీక్షే జరగడం లేదన్నమాట.

మీ ల్యాప్‌టాప్‌లో నడిస్తే సరిపోదు

ల్యాబ్‌కు వెళ్లి, విద్యార్థి లాగిన్‌తో, ఖాళీ ఫోల్డర్‌లో నడపండి. మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో వేసుకున్న లైబ్రరీలు, అడ్మిన్ పర్మిషన్లు అక్కడ ఉండవు. లైబ్రరీల వెర్షన్ నంబర్లు రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో కచ్చితంగా రాసిపెట్టండి, అవే నంబర్లు మాన్యువల్ మొదటి పేజీలో వేయండి. నెట్ నమ్మకం లేని చోట ప్యాకేజీలు ముందే పెన్‌డ్రైవ్‌లో దించుకోండి. ల్యాబ్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు, పైథాన్ వెర్షన్‌కు సరిపోయేవే దించాలి.

గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకునే వెబ్‌సైట్) ఈ పరీక్షలు వారానికోసారి రెండు రకాలుగా నడిచేలా పెట్టుకోండి: రాసిపెట్టిన వెర్షన్లతో ఒకటి, తాజా వెర్షన్లతో ఒకటి. రెండోది ఫెయిలైతే వచ్చే ఏడాది ఏం మార్చాలో ఇప్పుడే తెలుస్తుంది. అక్కడి పబ్లిక్ రిపాజిటరీలో (అందరికీ కనిపించే కోడ్ ఫోల్డర్) 60 రోజులు ఏ కదలికా లేకపోతే ఈ షెడ్యూల్ దానంతటదే ఆగిపోతుంది. వేసవి సెలవుల తర్వాత తప్పక చూసుకోండి.

ఇంత చేసినా సెమిస్టర్ మధ్యలో ఏదో ఒకటి బయటపడుతుంది. ముందు అసలు ఫైలు సరిచేసి మళ్లీ నడపండి. తర్వాత పేజీ నంబర్, లైన్, సరైన కోడ్ రాసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో, ల్యాబ్ తలుపు మీద పెట్టండి. అచ్చు కాపీల్లో పిల్లల చేత పెన్నుతో దిద్దించండి. ఆ ప్రయోగం రికార్డులో అప్పటికే మార్కులు కోసి ఉంటే, వెనక్కి పిలిచి కలపండి.